పొడి తిండికి మరగిన పిల్లి



పటాన్‌చెరు మండలమందలి భానూర్ పేరు చెప్పగానే పలువురకు స్ఫురించునది భారత్ డైనమిక్స్ వారి కర్మాగారము, అందు నిర్మితమగు ట్యాంకు విధ్వంసక క్షిపణులు, వేకువనే దాని ద్వారముకడ వచ్చి నిలుచు ఉద్యోగుల బస్సులు. అట్టి ఊరి పిల్లుల భోజనమును గూర్చి రేడియోలో ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను, ఒక యింటివారు ఏ వేళకు డ్యూటీకి వెళ్లుదురో, ఏ వేళకు తిరిగి వత్తురో, వారి వంటయింట పొయ్యి దినమునకు ఎన్నిమార్లు వెలుగునో, ఆ లెక్కనుబట్టియే ఆ యింటి పిల్లి తిండియు నిర్ణయమగుచుండును గనుక, షిఫ్టుల చొప్పున జీవితము సాగు ఈ పారిశ్రామిక ప్రాంతమున పిల్లి ఏమి తినుచున్నది, ఏమి తినిన దానికి మేలు అను ప్రశ్న మనము నిదానముగా ఆలోచింపదగినదేయని నేను నమ్ముచున్నాను.

పూర్వము మన పల్లెలలో పిల్లికి వేరుగ ఆహారమును కొనుట యనునది లేదు. ఇంటివారు తినగా మిగిలిన పాలన్నమో, చేప కడిగిన నాడు దాని తలకాయయో దొరకినది తిని, తక్కిన ఆకలిని ధాన్యపు గాదెల చాటున చుండెలుకలను పట్టి తీర్చుకొనుచు, అది తన బ్రతుకు తాను బ్రతికెడిది. నేడు భానూర్ పరిసరములందును, బీరంగూడ, రామచంద్రాపురము వైపునను వెలసిన అద్దె గదులలో, అంతస్తుల భవనములలో పెరుగు పిల్లికి గాదె లేదు, ఎలుక లేదు, మూయబడిన తలుపు మాత్రము కలదు. ఆ మూసిన తలుపు వెనుక దానికి దొరకునది గిన్నెలో పోసిన గుళికల వంటి పొడి ఆహారము. అది ఎక్కడనో విదేశమునుండి దిగుమతియగు వస్తువు కాదు. 2016వ సంవత్సరము అక్టోబరు వరకు మన సంగారెడ్డితో కూడ ఒక్క మెదక్ జిల్లాలోనిదైయుండిన సిద్దిపేట ప్రాంతమందే మార్స్ అను సంస్థకు పెంపుడు జంతువుల ఆహారమును తయారుచేయు పెద్ద కర్మాగారము కలదు. దాని విస్తరణకు 500 కోట్ల రూపాయలు వెచ్చింతుమని 2021లో ఆ సంస్థ ప్రకటించినది. ఇంత పెట్టుబడి ఊరకే రాదు. మన దేశపు ఇండ్లలో పెంపుడు జంతువులు ఎంతగా పెరుగుచున్నవో, వాటి పోషణ ఎంతగా ప్యాకెట్టుపై ఆధారపడుచున్నదో ఈ ఒక్క ప్రకటననుబట్టియే ఊహింపవచ్చును.

పొడి ఆహారమును నిందించుటకు నేను రాలేదు. ఉదయపు షిఫ్టునకు చీకటితోనే బయలుదేరి, సాయంకాలమునకు గాని ఇల్లు చేరజాలని మనిషికి, గిన్నెలో పోసి పోయినచో దినమంతయు చెడక నిలుచు ఆహారము గొప్ప ఉపకారమే. పైగా పేరుగల ప్యాకెట్టులలో పిల్లి శరీరమునకు తప్పనిసరియైన ఖనిజములు, విటమినులు, టారిన్ అను పదార్థము లెక్కప్రకారము కలిపియుండును. ఈ టారిన్‌ను పిల్లి దేహము తనకు చాలినంతగా తయారుచేసికొనజాలదు. అది లోపించిన పిల్లులకు కంటి రెటీనా క్షీణించి చూపు పోవునని 1975లోను, గుండె కండరము వదులై వ్యాకోచించునని 1987లోను అమెరికా శాస్త్రజ్ఞులు ఋజువు చేసిరి. ఆ పిమ్మట కర్మాగారములవారు ఈ విషయమున జాగ్రత్తపడిరి. కావున పాలన్నముతో పెరిగిన పిల్లికన్న మంచి పొడి ఆహారముతో పెరిగిన పిల్లి పోషణలో మెరుగుగ ఉండుట సర్వసాధారణము. ఇక్కడ కొరవడినది పోషణ కాదు, నీరు.

పిల్లి యొక్క పూర్వచరిత్రను కొంచెము తెలిసికొననిదే ఈ కొరత ఎంతటిదో బోధపడదు. ప్రపంచమునందలి ఇంటి పిల్లులన్నియు పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి సంతతివేయని 2007లో జన్యుపరిశోధకులు ప్రకటించిరి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే ఖననము చేయబడిన పిల్లి అస్థిపంజరము బయల్పడినది. ఆ అడవిపిల్లి ఎండిన నేలలయందు, ఏరులు లేని మెట్టలయందు తిరిగిన జంతువు. దానికి నీరు దొరకునది వేటలోనే. ఏలయన చుండెలుక దేహమున నూటికి సుమారు 70 పాళ్ళు నీరే. తన ఆహారముతోనే నీరును పొందుచు వచ్చిన ఆ జాతికి దాహము మందగించినది, మూత్రపిండములు మాత్రము ఉన్న నీటిని ఒడిసిపట్టి మూత్రమును మిక్కిలి చిక్కగ చేయు శక్తిని సంపాదించుకొన్నవి. ఎడారిలో ఆ శక్తి వరము. కాని ఆ మృగముయొక్క మునిమనుమరాలికి మనము నూటికి 8 లేక 10 పాళ్ళు మాత్రమే తేమగల గుళికలను ఆహారముగా నిర్ణయించి, ప్రక్కన గిన్నెడు నీళ్లుంచి, దప్పిక గొన్నచో తానే త్రాగునులెమ్మని నిశ్చింతగా నుందుము. అది త్రాగును, పొడి తిను పిల్లి తడి తిను పిల్లికన్న ఎక్కువయే త్రాగును. అయినను ఆహారమునందలి నీటిని, త్రాగిన నీటిని కలిపి లెక్కించినప్పుడు పొడి తిను పిల్లికి చేరిన మొత్తము తక్కువగనే తేలును. దాహము తీరినట్లు దానికి తోచును, దేహమునకు నీరు చాలదు.

లెక్కను మాటలలో చెప్పెదను, శ్రోతలు మనసున నిలుపుకొందురుగాక. నాలుగు కిలోల బరువుగల పెద్ద పిల్లికి దినమునకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావలెను. అంతటి పిల్లికి దినమునకు పొడి ఆహారము 60 గ్రాములు చాలును. ఆ 60 గ్రాములలో ఉండు నీరు 5 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న చెంచాడు. అదే ఆకలిని చుండెలుకలతో తీర్చుకొన్నచో ఏడెనిమిదింటిని తినవలసి వచ్చును. వాటితో కడుపులోనికి పోవు నీరు నూరు మిల్లీలీటర్లకు మించును. ఒక చెంచాడునకును, ఒక చిన్న గ్లాసునకును ఉన్న ఈ అంతరమే నేటి నా ప్రసంగమునకు మూలము.

ఈ కొరతవలన బాధ ఏమి కలుగును? అందరి పిల్లులకు కలుగదు. ఆడపిల్లులు పెక్కు పొడి తిండితోనే సుఖముగ జీవించుచున్నవి. కాని మగపిల్లి మూత్రనాళము మిక్కిలి సన్ననిది. ఇల్లు కదలక, మందముగ బరువెక్కి, చిక్కని మూత్రమును గంటల తరబడి ఆపుకొను మగపిల్లికి మూత్రాశయములో ఇసుకవంటి స్ఫటికములు పేరుకొని, లేదా వాపు కలిగి, ఒకనాడు ఆ నాళము మూసికొనిపోవును. అప్పుడది మాటిమాటికి ఇసుక పెట్టెలోనికి పోయి కూర్చుండును, ముక్కును, అరచును, బొట్టు పడదు. ఇంటివారు మలబద్ధకమని భ్రమించి ఆముదమో, మరియేదో పోయుదురు. ఇంతలో రక్తమున పొటాషియము పెరిగి గుండె ఆగిపోవు స్థితి ఒకటి రెండు దినములలోనే సంభవింపగలదు. మగపిల్లి మూత్రము రాక బాధపడుచున్నదని అనుమానము కలిగిన క్షణమే, రాత్రియైనను తెల్లవారువరకు ఆగక, పశువైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొని, తక్కిన ప్రసంగమంతయు మరచినను నాకు విచారము లేదు.

మూత్రమును పలుచబరచుటయే దీనికి నివారణ యగునా యనిన, చాలవరకు అగునని చెప్పుటకు ఆధారము కలదు. 1999లో ప్రచురితమైన ఒక పరిశీలనలో మూత్రాశయపు వాపుతో బాధపడిన పిల్లులను రెండు తెగలు చేసి ఒక సంవత్సరముపాటు చూచిరి. ఒకే విధమైన ఆహారమును ఒక తెగకు పొడిగను, రెండవ తెగకు తడిగను పెట్టగా, పొడి తినినవానిలో నూటికి 39 పిల్లులకు ఆ వ్యాధి తిరుగబెట్టినది, తడి తినినవానిలో నూటికి 11 పిల్లులకే తిరుగబెట్టినది. పరిశీలించిన పిల్లులు ఏబదికి లోపే యైనను, పశువైద్యులు నేటికిని ఆ దారినే సలహా యిచ్చుచున్నారు.

మరి ఇంత మేలైన తడి ఆహారమును వదలి లోకము పొడికి ఎట్లు మరగినది? అమెరికాలో తొలుత డబ్బాలలోని తడి ఆహారమే విరివిగ నుండెడిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున తగరపు రేకు కొరతపడి, జంతువుల ఆహారమునకు డబ్బాలు దొరకక, తయారీదారులు పొడిని ఆశ్రయించిరి. 1950ల చివర పిండిని ఆవిరి ఒత్తిడితో ఉడికించి అచ్చులగుండ నెట్టి పొంగించు యంత్రవిధానము రాగా ఆ పొడి మరింత చవుకయైనది. పొంగుటకు పిండిపదార్థము కావలెను గనుక ధాన్యము చేరినది. వాసనకై పైన క్రొవ్వును, కాలేయపు సారమును చల్లుట ఆచారమైనది. గుళికలను నోట వేసికొనగానే పిల్లికి తగులునది ఆ పై పూతయే. పిల్లి నాలుకకు తీపి తెలియదు, తీపిని గుర్తించు జన్యువు దానికి చెడిపోయి యున్నదని 2005లో కనుగొనిరి. వాసన, వెచ్చదనము, పంటికి తగులు స్పర్శ, ముఖ్యముగ ఈ మూటినిబట్టి అది ఆహారమును ఎన్నుకొనును.

అందుచేతనే పుట్టినది మొదలు కరకరలాడు గుళికలనే ఎరిగిన పిల్లి ముందు, ఒకనాడు మీరు ప్రేమతో కొనితెచ్చిన తడి ఆహారపు పౌచ్‌ను చించి పోసినచో, అది వాసన చూచి, ముందరి కాలితో నేలను గీరి, పూడ్చిపెట్టదలచినట్లు నటించి వెడలిపోవును. ఇంటివారు దీనిని చూచి, మా పిల్లికి తడి పడదని తీర్మానించుకొందురు. పడక కాదు, అది ఆహారమని దానికి ఇంకను తెలియదు. తెలియజేయుటకు కాలము పట్టును. కొన్ని పిల్లులకు రెండు వారములు, కొన్నింటికి రెండు మాసములు.

విధానము చెప్పుటకు ముందు వ్యయమును గూర్చి చెప్పవలెను, ఏలయన ఈ ప్రాంతపు కార్మికుల యిండ్లలో తొలి ప్రశ్న అదియే. పేరుగల కంపెనీవారి 80 గ్రాముల పౌచ్ ఒకటి నేడు సుమారు నలుబది ఏబది రూపాయలు. దానిలో నూటికి 80 పాళ్ళు నీరే గనుక, ఒక పెద్ద పిల్లికి కేవలము దానితోనే కడుపు నింపవలెనన్న దినమునకు మూడు నాలుగు కావలెను. నెలకు సుమారు నాలుగు నుండి ఆరువేల రూపాయలు. కాంట్రాక్టు పనిచేయు కుటుంబము పిల్లికై అంత వెచ్చింపజాలదు, వెచ్చింపుమని చెప్పుట ధర్మమును కాదు. వెచ్చింపనక్కరయు లేదు. తడి అనగా సంపూర్ణముగ తడియే కావలెనన్న నియమము ఎక్కడను లేదు. పోషణను పొడి ఆహారమునుండియే తీసికొని, నీటిని మాత్రము ఇతర మార్గమున చేర్చుట సాధ్యము. ఈ మధ్యమార్గమే మనకు తగినది.

దినమునకు పొడి ఆహారము 45 గ్రాములకు తగ్గించి, దానిని రెండు పూటలు వెచ్చని నీటితో నానబెట్టుడు. నీరు పొడికి రెండింతలు, అనగా మొత్తము నూరు మిల్లీలీటర్లకు కొంచెము తక్కువ. అరపౌచ్ తడి ఆహారము చేర్చుడు. చికెన్ దుకాణమునుండి తెచ్చి ఉడికించిన మాంసము ఒక పెద్ద చెంచాడు, అది ఉడికిన నీరు రెండు చెంచాలు కలుపుడు. ఇన్నింటిని కూడినచో పిల్లికి ఆహారముతోనే నూటయేబది మిల్లీలీటర్ల నీరు అందును, బలము తగ్గదు, పైపడు ఖర్చు దినమునకు ముప్పది రూపాయలకు మించదు. అరపౌచ్‌కును శక్తిలేనివారు దానిని మాని, నానబెట్టిన గుళికలు, మాంసపు నీరు మాత్రమే పెట్టినను ప్రయోజనములో ముప్పాతిక భాగము దక్కును. పౌచ్ కొనునప్పుడు ఒక్క జాగ్రత్త: అది సంపూర్ణ సమతుల ఆహారమని ప్యాకెట్టుపై వ్రాసియున్నదా, లేక కేవలము నంజుటకు ఉద్దేశింపబడిన రకమా యని చదివి తీసికొనవలెను. గొట్టములలో వచ్చు క్రీము వంటివి చాలవరకు రెండవ కోవవి.

ఇక అలవాటు చేయు పద్ధతి. ఉదయమున గిన్నె నిండ పోసి సాయంకాలము వరకు వదలు ఆచారమును మొదట మార్చవలెను. దినమంతయు కొంచెము కొంచెముగ కొరుకు పిల్లికి ఆకలి యన్నది ఎరుకపడదు. ఆకలి లేని పిల్లి క్రొత్తదానిని ఏల రుచి చూచును? కావున అదే పొడిని రెండు మూడు వేళలకు విభజించి, వేళకు పెట్టి, అరగంట తరువాత గిన్నె తీసివేయుడు. డ్యూటీకి పోవునప్పుడొకసారి, వచ్చిన పిదప ఒకసారి, పడుకొనుటకు ముందొకసారి. కొన్ని దినములకు పిల్లి ఆ వేళలను నేర్చుకొని, గిన్నె చప్పుడునకే పరుగెత్తివచ్చును. అప్పుడు గాని రెండవ మెట్టునకు పోరాదు.

రెండవ మెట్టున తడి ఆహారమును పొడితో కలుపక, దాని ప్రక్కనే వేరొక చిన్న పళ్ళెములో ఒక చెంచాడు ఉంచవలెను. తినినను తినకున్నను పట్టించుకొనరాదు. ఆ వాసన తన భోజనవేళకు సంబంధించినదని దానికి తెలిసిన చాలును. ఆ పిమ్మట గుళికలను రోటిలో నలిపి, పొడిచేసి, ఆ తడి ముద్దపై చల్లుడు. తెలిసిన వాసన పైన, తెలియని స్పర్శ క్రింద. పలు పిల్లులు ఇక్కడనే లొంగును. మొండిదైనచో మీ వ్రేలికి కొంచెము రాచి, దాని ముందరి పాదమున అంటించుడు. శుభ్రతకై అది నాకును, నాకిన రుచి నోట నిలుచును. బలవంతముగ నోట కుక్కుట మాత్రము ఎన్నడును కూడదు. ఒక్కమారు భయపడినచో ఆ ఆహారమునే కాక, ఆ గిన్నెను, ఆ మూలను కూడ మాసములతరబడి విసర్జించును.

ఆహారము పిల్లి ఒంటి వేడికి సమీపముగ, గోరువెచ్చగ నుండవలెను. ఫ్రిజ్‌లోనుండి తీసినది తీసినట్లు పెట్టినచో వాసన రాదు, వాసన రానిది పిల్లికి ఆహారమే కాదు. మిగిలిన సగము పౌచ్‌ను మూతగల గిన్నెలో ఫ్రిజ్‌లోనుంచి, మరునాడు ఆ గిన్నెను వేడినీళ్లలో కొన్ని నిమిషములుంచి పెట్టుడు. రెండు దినములు దాటినది పారవేయుడు. మన ప్రాంతపు ఎండలు తెలిసినవే. మే మాసములో నలుబది డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున తడి ఆహారము గంటకన్న ఎక్కువ నేలపై నుండరాదు. నానబెట్టిన గుళికలకును ఇదే నియమము. చీమల బాధ వేరొకటి: పిల్లి పళ్ళెమును నీరు పోసిన వెడల్పు తట్టలో నుంచినచో అవి దరిచేరవు. రాత్రి షిఫ్టువారు తడి భోజనమును ఇంట నున్న వేళకే పరిమితము చేసి, లేని వేళకు మునుపటివలె పొడినే ఉంచుట మేలు.

ఈ మార్గమున ఒక అపాయము కలదు, దానిని నొక్కి చెప్పవలెను. ఆకలైన అదియే తినును, రెండు దినములు మాడ్చుడని ఇరుగుపొరుగువారు సలహా యిత్తురు. పిల్లి విషయమున ఆ మాట ప్రాణాంతకము. కొన్ని దినములు ఆహారము లేని పిల్లికి, అందును బలిసిన పిల్లికి, దేహమందలి క్రొవ్వంతయు కాలేయములోనికి దిగి, కాలేయము పని మాని, కామెర్ల వంటి స్థితి కలుగును, చికిత్స దుర్లభము. ఐదారు గంటల ఆకలి మంచిది. ఒక్క దినము పూర్తిగ ముట్టకున్నచో వెంటనే వెనుకకు మరలి, దానికి ప్రియమైన పొడినే పెట్టి, మరల మొదటినుండి ఆరంభింపవలెను. వారమునకు ఒకసారి తూచుట మంచి అలవాటు: పిల్లిని ఎత్తుకొని తూకపు యంత్రముపై నిలిచి, పిదప మీ బరువును తీసివేసిన చాలును.

ఇక వంటయింటి సంగతి. చికెన్ దుకాణమున అందరును తొడలు, రొమ్ము అడుగుదురు. పిల్లికి వలసినవి అక్కడ తక్కువ ధరకు దొరకునవే. “పిల్లికా అక్కా? జర ఆగు, గుండెకాయలు ఏరి ఇస్త” అని దుకాణపు యువకుడు ఒక గృహిణితో పలుకుట నేను విన్నాను, ఆ యువకునికి తెలిసియో తెలియకయో ఇచ్చినది శ్రేష్ఠమైన వస్తువు. టారిన్ గుండెకాయలో సమృద్ధిగ నుండును. కోడి రొమ్ము మాంసములోకన్న కాలి మాంసములో పలురెట్లు అధికము. అది నీట కరగునది గనుక, ఉడికించిన నీటిని పారబోయుట మంచిదానిని పారబోయుటయే. కందనకాయ మెత్తగ ఉడికించి తరిగి పెట్టవచ్చును. కార్జము పిల్లికి ప్రాణము. అయినను వారమునకు ఒకసారి, చిన్న ముక్క మాత్రమే. ప్రతిదినమును కార్జమే తినిన పిల్లికి విటమిన్ ఏ మితిమీరి మెడ ఎముకలు అతుకుకొనిపోవును. ఇట్టి ఇంటి మాంసమంతయు కలిపి దినభోజనమున పదియవ వంతు దాటరాదు. చాల ప్రేమగలవారు పొడి మానిపించి, కేవలము మాంసమే పెట్టుదురు; మాంసమున కాల్షియము చాలనందున కొన్ని మాసములలో పిల్లి కూన ఎముకలు విరిగిపోవుచుండును. ప్రేమతో చేసిన అపకారము కూడ అపకారమే గదా.

ఉప్పు, కారము, మసాలా వద్దు. అన్నిటికన్న ముఖ్యముగ ఉల్లి, వెల్లుల్లి వద్దు. అవి పిల్లి రక్తకణములను నాశనము చేయును. కావున మన కోడికూర పులుసును అన్నముపై పోసి పెట్టుట దయ కాదు. కూరలో అల్లము వెల్లుల్లి పడకముందే నాలుగు ముక్కలు వేరుగ తీసి ఉడికించుట ఇంటివారికి పెద్ద శ్రమ కాదు. ఉడికిన ఎముకలు ముల్లువలె చీలును, తీసివేయవలెను. పాలు పెద్ద పిల్లులలో పలువాటికి అరుగవు. పచ్చిమాంసము పిల్లికి సహజమే గదా యని వాదించువారు కలరు, వారికొక వార్త. 2025 ఆరంభమున మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ యైనది, ఆ దినములలోనే గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలోను ఆ వ్యాధి చెలరేగినది. ఉడికించిన మాంసమున ఆ భయము లేదు.

చేప విషయమున ఈ ప్రాంతమునకు చెందిన ఒక మాట చెప్పక తప్పదు. పచ్చి చేపలలో కొన్ని జాతులయందు థయమిన్ అను విటమిన్‌ను హరించు పదార్థము కలదు, ఉడికించినచో అది నశించును. కాని పటాన్‌చెరు వాగులలోని దోషము ఉడికించినను పోవునది కాదు. ఇసుకవాగు, నక్కవాగుల వెంబడి రసాయనిక, ఔషధ కర్మాగారముల వ్యర్థజలములు దశాబ్దములుగ ఎట్లు ప్రవహించినవో, రైతులు న్యాయస్థానముల వరకు ఎట్లు వెళ్లిరో ఇక్కడివారు మరచిపోలేదు; పటాన్‌చెరులోని వ్యర్థజల శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటిబయాటిక్ ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటింపగా లోకమంతయు ఉలికిపడినది. అట్టి వాగుల దిగువనున్న కుంటల చేప చవుకగ దొరకినను పిల్లికి పెట్టరాదు, మనమును తినరాదు. సింగూరు జలాశయపు చేపయని నమ్మకముగ తెలిసిన చోట చిన్న పరకలను కొని, ముల్లు మెత్తబడువరకు కుక్కరులో ఉడికించి, ఆ నీటితో సహా పెట్టినచో పిల్లికి పండుగయే. దాని నీళ్ల గిన్నెలోను బోరునీరు కాక, మీరు త్రాగు నీరే పోయుడు. ఒక గిన్నె భోజనము ప్రక్కన, మరియొకటి దానికి దూరముగ.

మూత్రపిండముల వ్యాధి, మధుమేహము ఉన్న పిల్లులకు, ముసలి పిల్లులకు ఆహారము మార్చుటకు ముందు వైద్యుని అడుగవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొను పిల్లికి ఆహారము మారినచో మందు మోతాదును మార్చవలసి వచ్చును గనుక, దాని విషయమున స్వతంత్రింపరాదు.

చివరగ పిల్లి కూనల సంగతి. మీ యింట గాని, ప్రక్కింట గాని తల్లిపాలు మానుచున్న కూనలున్నచో, ఆరు మాసములు నిండకముందే వాటికి అన్ని రకముల స్పర్శలను రుచి చూపుడు: నానిన గుళిక, నానని గుళిక, పౌచ్‌లోని ముద్ద, ఉడికిన కోడి పోగు, చేప నీరు. తల్లి తినునది చూచి కూన నేర్చును గనుక, తల్లికి పెట్టునప్పుడే ప్రక్కన దానికిని ఒక చెంచాడు పెట్టుడు. అట్లు పెరిగిన పిల్లి, రేపు మీరు వేరొక ఊరికి బదిలీయై, అక్కడి అంగడిలో అలవాటైన ప్యాకెట్టు దొరకని నాడు కూడ, దొరకినదానిని తడి అని, పొడి అని ఎంచక భుజించును.